తోడేలు పళ్లెంలో పులిహోర

బెల్‌ఫాస్ట్‌లో మా ఇంటి దగ్గర పాత సామాన్లు అమ్మే చారిటీ షాపులో నాకు పనేమీ లేదు. వాన తగ్గేదాకా తలదాచుకుందామని మా అమ్మాయిని లాక్కుని లోపలికి దూరాను, అంతే. పాత స్వెట్టర్లు, తడి గొడుగులు, ఎవరో సగం వాడి వదిలేసిన సెంటు సీసాలు, అన్నిటి వాసనా కలిసి ఆ కొట్లో ఎప్పుడూ ఒక మగత ఉంటుంది. టీకప్పుల వెనక, ఫొటోల్లేని ఫ్రేములకి ఆనించి, ఒక పింగాణీ పళ్లెం నిలబెట్టి ఉంది. నీలంగా మెరిసే మంచు, ఆకు రాలిన తెల్లటి చెట్లు, వాటి మధ్య తోడేలు, చుట్టూ సన్నటి బంగారు అంచు. మా అమ్మాయి "మమ్, లుక్, ఎ హస్కీ!" అంది. కుక్క కాదే, తోడేలు అన్నాను. "హౌ డు యూ నో?" అంది. ఇక్కడ పుట్టిన పిల్ల, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. దానికేం చెప్పను? ఆ పళ్లెం చూడగానే నాకు ముందు ఇంగువ వాసన వచ్చింది. తోడేలుకీ ఇంగువకీ ఏమిటి సంబంధమంటే, ఎయిర్‌పోర్టు పక్కనుండే హేస్‌లో నేను గడిపిన ఒక చలికాలం మొత్తం చెప్పుకురావాలి.

అప్పుడు నేను మాస్టర్స్ చదవడానికి వచ్చిన కొత్త. విమానాలు చక్రాలు దింపుకుని మా కప్పు మీదుగానే పోతున్నాయా అనిపించే వీధిలో, ఒక ఇంటి పై గదిలో ఉండేదాన్ని. కింద గదిలో సరళక్క. మిగతా గదుల్లోకి ఎవరెవరో వచ్చేవారు, బాత్‌రూమ్ కడిగే వంతు తమ దాకా రాగానే ఇల్లు మారిపోయేవారు. స్థిరంగా ఉన్నది మేమిద్దరమే. సరళక్కది ప్రొద్దుటూరు. నాకంటే ఐదారేళ్లే పెద్దది, పెద్దరికం మాత్రం మా నాయనమ్మంత. చదువు అయిపోయింది, దానికి తగ్గ ఉద్యోగం దొరికేదాకా అని విమానాల్లో పెట్టే భోజనం ట్రేలు సర్దే చోట చేరింది. తెల్లారకముందే షిఫ్టు. నేను దుప్పట్లో ఉండగానే కింద ఆమె బూట్లు తొడుక్కునే చప్పుడు, తలుపు మెల్లగా మూసిన చప్పుడు వినిపించేవి. మళ్లీ నిద్రలోకి జారేలోపు మంచు మీద ఆమె అడుగులు కరకరలాడుతూ దూరమైపోయేవి. ఆ చప్పుడు ఎన్నోసార్లు నా కలల్లోకి వచ్చింది. కలలో ఎవరో నడుస్తూనే ఉంటారు, ఎక్కడికో తెలియదు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. అప్పుడు ఇల్లు ఇల్లయ్యేది. కోటు తీసి రేడియేటర్ మీద ఆరేస్తే తడి ఉన్ని వాసన, అల్లం టీ వాసన, కాసేపటికి పోపు వాసన. పోపు అంటే మా ఇంట్లో పెద్ద తతంగం. వంటింటి తలుపు మూసి, కింది సందులో తువ్వాలు కుక్కి, కిటికీ తెరిచి, స్టూలెక్కి స్మోక్ అలారానికి షవర్ క్యాప్ తొడిగి, అప్పుడు నూనె పెట్టేది అక్క. ఒకసారి క్యాప్ తొడగడం మరిచిపోతే వీధంతా బయటికొచ్చింది. "మన పోపుకు ఈ దేశంలో ఇంత మర్యాదనా" అని నవ్వేది. ఇంగువ మాత్రం ఏ తువ్వాలుకీ ఆగేది కాదు. గోడ దాటి పక్కింట్లోకి వెళ్లేది.

ఆ పక్కిల్లు మార్గరెట్ ఆంటీది. ఎనభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా, ఇంట్లో ఉన్నా ముత్యాల దండ వేసుకుని ఉండేది. ఏ చెత్తబిన్ను ఏ రోజు బయట పెట్టాలో మాకు నేర్పింది ఆవిడే. అక్క మొదటి రోజే ఆంటీ అని పిలిచేసింది. "ఈ వయసులో నాకు ఇంతింత మేనకోడళ్లు ఎప్పుడు పుట్టుకొచ్చారమ్మా?" అంది ఆవిడ, కానీ ముఖంలో సంతోషం దాగలేదు. ఆవిడ మాటలు నేను తెలుగులోనే రాస్తున్నాను. అక్క ఇంగ్లీషులో మాట్లాడినా అందులో ప్రొద్దుటూరే వినిపించేది గనక అక్క మాటల్నీ అలాగే రాస్తున్నాను. మోకాళ్ల నొప్పులతో ఆవిడ స్టూలెక్కలేదు కాబట్టి శనివారాలు నేను వెళ్లేదాన్ని. స్టూలెక్కి పళ్లేలు దింపడం నా పని, దుమ్ము దులపడం ఆవిడ పని.

పళ్లేలంటే ఆ ముందుగది గోడల నిండా పళ్లేలే. స్ప్రింగు తీగల కొక్కేలతో వేలాడుతూ, తోడేళ్లు, మంచు గుడ్లగూబలు, తెల్ల కుందేళ్లు, నక్కలు, తుంటి దాకా మంచులో కూరుకుపోయిన దుప్పులు. బయట హేస్‌లో బస్సులు పోతుంటే లోపల ఎక్కడో ఉత్తరాన ఉన్న అడవిలో నిత్యం మంచు కురుస్తూ ఉండేది. చనిపోయిన భర్త గడ్డం గీసుకున్న బ్రష్షుతోనే ఆవిడ ఆ దుమ్ము దులిపేది. మెత్తటి వెంట్రుకల బ్రష్షుని తోడేలు ముఖం మీద, చెవుల మీద అలా తిప్పుతుంటే దానికి గడ్డం గీయడానికి నురగ పెడుతున్నట్టుండేది. గ్యాస్ ఫైర్ వెచ్చదనానికి నాకు కళ్లు మూతలు పడేవి. తెరిచినప్పుడల్లా ఏదో ఒక జంతువు నన్నే చూస్తూ ఉండేది.

అలాంటి ఒక శనివారమే భర్త కెన్ గురించి చెప్పింది. ఆయన ఎయిర్‌పోర్టులో విమానాల్లోకి సామాన్లు ఎక్కించేవాడట. "కెనడా వెళదామన్నాడు, లవ్. వాళ్లన్న అక్కడ స్థిరపడి రమ్మన్నాడు. మా అమ్మని వదిలి నేను రానన్నాను. సరే అన్నాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. కొన్నాళ్లకి పత్రికలో ప్రకటన చూసి ఈ పళ్లేలు తెప్పించడం మొదలుపెట్టాడు. పెట్టె విప్పడం, తుడవడం, మేకు కొట్టడం. నన్ను ఒక్క మాట అన్నది లేదు. అని ఉంటే బాగుండేది." బ్రష్షు ఆగిపోయింది. "వీటిని చూసినప్పుడల్లా నేను పోనివ్వని దేశాన్ని గోడకి తగిలించాడనిపిస్తుంది. దులపకుండా ఉండలేను, దులుపుతూ వాటి కళ్లలోకి చూడలేను." నాకింకా పెళ్లీ కాలేదు, బతుకంటే తెలియదు. మరో పళ్లెం దింపి ఆవిడ చేతికిచ్చాను.

ఆ చలికాలమే ఆవిడ ఇల్లు అమ్మేశారు. కొడుకు ఉండే ఊళ్లో, ముసలివాళ్ల కోసం కట్టిన చోట ఒక్క గది దొరికింది. ఆ గదికి ఇన్ని పళ్లేలు పట్టవని మాకు తెలుసు. మాకు తెలియనిది ఇంకోటి ఉంది. ఇవి ఈ రోజుల్లో ఎవరికీ అక్కర్లేదు మమ్, పాత సామాన్లు పట్టుకుపోయే వ్యాన్ అతన్ని పిలిచి అన్నీ పంపించెయ్ అన్నాడు కొడుకు. ఆవిడ ఎదురుచెప్పలేదు. కానీ వ్యాన్ వచ్చేలోపు ఒక్క పళ్లెమైనా ఎవరైనా మనసుపడి తీసుకుంటే చాలనుకుంది. నోరు తెరిచి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. అడిగితే మొహమాటానికి పుచ్చుకుంటారు, తర్వాత బిన్నులో పారేస్తారు, ఆ మర్యాద నాకొద్దు అని తర్వాత నాతో అంది.

అప్పుడు మంచు పడింది. అలాంటి ఇలాంటి మంచు కాదు, విమానాలు ఆగిపోయేంత మంచు. హేస్‌లో ఆకాశం నిశ్శబ్దంగా ఉండటం అదే మొదలు నాకు. ఆ నిశ్శబ్దానికి మెలకువ వచ్చేసేది. అక్కకి షిఫ్టు లేదు, నాకు క్లాసు లేదు. కిటికీలోంచి చూస్తే వీధి ఆవిడ పళ్లేల్లోని దేశంలా ఉంది, ఏ కారు వెనకనుంచో ఒక దుప్పి తల ఎత్తుతుందేమో అనిపించేది. అలాంటి పొద్దున తలుపు చప్పుడైంది. మార్గరెట్ ఆంటీ. చేతిలో తోడేలు పళ్లెం, దాని మీద ఎండుపళ్లు కూరిన చిన్న తీపి మిన్స్ పైలు, పైన ప్లాస్టిక్ కాగితం. "ఇది మీకు, అమ్మాయిలూ" అని మా చేతుల్లో పెట్టి, మంచులో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వెళ్లిపోయింది. ఆవిడ ఇచ్చింది పళ్లెం. ఊరికే పళ్లెం ఇస్తే బాగుండదని నాలుగు పైలు పెట్టింది. మేం చూసింది పైలు.

తినేశాం. అక్క పళ్లెం కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, బల్ల మీద పెట్టి ఆలోచనలో పడింది. "ఉత్త పళ్లెం ఎట్లిస్తాం పాపా? పెద్దామె చేత్తో చేసి తెచ్చింది" అంది. దానికి నేనూ ఊఁ అన్నాను. పక్కింటి నుంచి వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లడం మా ఇద్దరి ఇళ్లలోనూ ఎరగం, ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపేవాళ్లు. షవర్ క్యాప్ ఎక్కింది, చింతపండు నానింది, ఇంగువ గోడ దాటింది. తోడేలు ముఖం కనబడకుండా పులిహోర నింపి, మీద వేయించిన పల్లీలు చల్లి, నేనే పట్టుకెళ్లాను. తలుపు తీసి పళ్లెం చూడగానే ఆవిడ ముఖంలో ఏదో ఆరిపోయింది. "ఓ" అంది. రెండు చేతులా అందుకుంది. "ఎంత మంచివాళ్లమ్మా" అంది. ఇంగువ పడలేదేమో అనుకుని వచ్చేశాను.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఈసారి గుడ్లగూబ పళ్లెం, దాని మీద కేకు ముక్కలు. తోడేలంటే ఈ పిల్లలు భయపడ్డారేమో, పక్షి అయితే తీసుకుంటారేమో అనుకుందట పాపం. అక్క గుడ్లగూబని చూసి "అయ్యో, ఇది ఇంట్లో రాత్రి ఉండకూడదు పాపా" అని ఆ సాయంత్రానికే మసాలా వడలు వేసి పంపించేసింది. ఆ తర్వాత నక్క వచ్చింది, ఓళిగలతో తిరిగి వెళ్లింది. కుందేలు వచ్చింది, బొరుగుల ఉగ్గాణితో వెళ్లింది. పెద్దామెకి మన తిండి రుచి తగిలిందని అక్క మురిసిపోయింది. నేనైతే ఈసారి ఏ జంతువు వస్తుందా అని ఎదురుచూసేదాన్ని. ఆ మంచుకాలమంతా అడవి జంతువులు ఒక్కొక్కటిగా మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి, కడుపునిండా తిని, మర్యాదగా సెలవు తీసుకుని వెళ్లినట్టుండేది. జీవితంలో అంత నిశ్చింతగా నేను మళ్లీ ఉన్నానో లేదో తెలియదు. గోడకి ఆ పక్కన ఒక ముసలావిడ, నా భర్త వస్తువు ఒక్కటీ ఎవరికీ వద్దా అని రోజుకింత కుంగిపోతోందని ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు మా బెల్‌ఫాస్ట్‌లో తెలుగువాళ్లకి తక్కువేం లేదు. పండగొస్తే బొబ్బట్లు వస్తాయి, గారెలు వస్తాయి, అన్నీ టేకవే డబ్బాల్లో వస్తాయి. డబ్బా తిరిగివ్వక్కర్లేదండీ అని ముందే చెప్పేస్తారు, నేనూ అలాగే చెప్తాను. శుభ్రం, సుఖం, ఎవరికీ ఇబ్బంది లేదు. తిరిగివ్వాల్సిన గిన్నె లేదు కాబట్టి రెండోసారి తలుపు తట్టే పనీ లేదు. మా అమ్మాయికి పక్కింటివాళ్ల వంటగది ఏ రంగులో ఉంటుందో తెలియదు. నాకూ తెలియదు, ఆ మాటకొస్తే. అందుకు నాకు బాధగానే ఉంటుంది, బాధపడుతూనే డబ్బాలు కొంటుంటాను.

హేస్‌లో మళ్లీ తోడేలే వచ్చింది చివరికి, మొదట వచ్చిన తోడేలే, వెన్న బిస్కెట్లలాంటి షార్ట్‌బ్రెడ్ ముక్కలతో. వాటిని తిని, ఈసారి నేను కడుగుతున్నాను. నురగ జారి వెనకవైపు అక్షరాలు కనిపించాయి. ఎప్పుడూ చదవలేదు, అప్పుడెందుకో చదివాను. అలంకరణకు మాత్రమే. ఆహారానికి వాడరాదు. రంగుల వల్ల ఆహారం విషం కావచ్చు. "అక్కా, మనం ఆవిడకి వీటిల్లోనే చింతపండు పులుపు పెట్టి పంపాం కదా! ఇదేంటి ఇలా రాసుంది?" అని అరిచాను. అక్క వచ్చి చదివింది. "మనమూ తిన్న్యాం గదా, మనకేం కాల్యా" అంది గానీ గొంతులో ధైర్యం లేదు. తడి చేతులతోనే పళ్లెం పట్టుకుని, చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా మంచులో పరిగెత్తాను.

ఆవిడ ఇంటి తలుపు తీసే ఉంది. ముందుగది గోడలు బోసిగా ఉన్నాయి. పళ్లేలు ఉన్నచోటల్లా వాల్‌పేపర్ వెలిసిపోకుండా గుండ్రటి మచ్చలు. మధ్యలో అట్టపెట్టెలు, వాటి పక్కన కుర్చీలో ఆవిడ.

"ఆంటీ, మీకు ఒంట్లో బాగానే ఉందా? కడుపులో ఏమైనా..."

"ఏమైందమ్మా?"

వెనకవైపు తిప్పి చూపించాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని చదివి, మెల్లగా నవ్వింది. "నాకు తెలుసు లవ్. తెలిసే తిన్నాను, అంతా తిన్నాను. ఎనభై దాటాక ఏ రంగు నన్నేం చేస్తుంది?" అంది. అప్పుడే నా చేతిలోని ఖాళీ పళ్లెం వంక చూసి ఆ నవ్వు ఆపేసింది. "ఇదీ తిరిగి తెచ్చేశావన్నమాట. దాచకుండా ఒక్క మాట చెప్పు. మీకు జంతువుల బొమ్మలు ఇంట్లో ఉండకూడదా? మీ దేవుడు ఒప్పుకోడా? లేకపోతే నిజంగానే వీటిల్లో ఒక్కటీ ఎవరికీ నచ్చదా? రేపు వ్యాన్ వస్తోంది. తెలుసుకుందామని అడుగుతున్నా, అంతే."

అప్పుడు వెలిగింది నాకు. వెనకే వచ్చిన అక్క గడప మీదే నిలబడిపోయింది. "మాకు ఇచ్చినారా ఇవి? పళ్లేలేనా ఇచ్చింది?" అంది. ఆవిడ తల ఊపింది. అక్క రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ! మా తట్టు ఇంకొకరి పళ్లెం ఉంచుకోరు, ఉత్తది తిరిగియ్యరు. తినేదానికి తెచ్చినారనుకుంటిమి. ప్రతిసారి నేను తుడిచేటప్పుడు ఎంత బాగుండాది, మనది గాదే అనుకుంటా తుడుస్తాంటి!" ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక పకపకా నవ్వింది. నవ్వుతూనే ముత్యాల దండ పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అక్క ఏడవకుండా ముక్కు తుడుచుకుంది.

"సరే, ఇప్పుడు ఎంచుకోండి. మర్యాదకి వద్దు. నచ్చితేనే" అంది ఆవిడ. నేను నక్కని తీసుకున్నాను. వ్యాన్‌కని పెట్టెల్లో సర్దినవాటిని అక్క ఒక్కొక్కటీ విప్పి చూసింది, మళ్లీ కాగితంలో చుట్టింది. చివరికి నా చేతిలో ఉన్న తోడేలుని తీసుకుని గుండెకి ఆనించుకుంది. "నాకు ఇది" అంది.

"ఎందుకని, లవ్? అందమైనవి ఎన్నో ఉన్నాయిగా. దీన్ని చూస్తే నాకే బెరుకు. ఎవరూ లేని చోటికి ఒంటరిగా పోతున్నట్టుంటుంది. ఆయన పోదామనుకున్న చోటికి."

"పోవడంల్యా ఆంటీ" అంది అక్క. ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని పళ్లెం చూపించింది. "సూడండి, వీపు మీద మంచు ఎట్ల గడ్డ కట్టిండాదో. ఇప్పుడే బయలుదేరింటే ఇంత మంచు యాడిది? తల దించుకోనుండాది, కాళ్లు ఈడుస్తాండాది. పని అయిపోయి తిరిగొస్తాండాది. డ్యూటీ దిగినాక మంచులో నేనూ ఇట్లనే వస్తా. మన ఇంట్లో లైటు కనబడతానే ఇట్లనే తల కొంచెం ఎత్తుతా. అందుకే నాకు ఇది నచ్చింది."

గ్యాస్ ఫైర్ సన్నగా గుసగుసలాడుతోంది. ఆవిడ కళ్లు ఆ పళ్లెం మీంచి, ఎదుటి గోడ మీద అది వేలాడిన గుండ్రటి మచ్చ మీదికి, అక్కడినుంచి తను కూర్చున్న కుర్చీ మీదికి వచ్చాయి. "ఆయన తెల్లారకముందే డ్యూటీకి పోయేవాడు" అంది. "మధ్యాహ్నం వచ్చేసరికి నేను ఇక్కడే కూర్చుని ఉండేదాన్ని. దీనికి నా ఎదురుగానే కొట్టాడు మేకు. నాకు కనిపించాలని, ఎత్తిపొడవడానికని అనుకున్నాను ఇన్నేళ్లూ."

చెయ్యి చాపింది. చాపి, మళ్లీ మొహమాటపడి వెనక్కి తీసుకుంది. "అమ్మాయీ, ఇచ్చింది మళ్లీ అడగకూడదు. తెలుసు. కానీ ఆ గదిలో ఒక్క మేకుకి చోటుంటుంది."

అక్క లేచి నిలబడింది. పళ్లెం అంచుని ఒకసారి చున్నీతో తుడిచి, రెండు చేతులతో ఆవిడ ఒళ్లో పెట్టింది, ఉత్త పళ్లెం. ఆవిడ దాని మీద అరచెయ్యి ఆనించి, వేళ్లతో ఆ గడ్డకట్టిన మంచుని నిమురుతూ, చిన్నపిల్లలా అడిగింది.

"నా దగ్గరికే వస్తున్నాడు కదూ?"

"అవునాంటీ" అంది అక్క. "మీ దగ్గరికే."